హంబకర్ కొనేముందు గిటార్ వెనక మూత విప్పండి

గిటార్‌కి కొత్త పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) బిగించి, తీగలు ఎక్కించి, ట్యూన్ చేసి, ఆంప్ ఆన్ చేసి మొదటి కార్డ్ కొట్టబోయే క్షణంలో చేతులు కాస్త వణుకుతాయి. నాకూ వణికాయి. నెలల తరబడి చదివి, విని, పోల్చి చూసుకుని ఎంచుకున్న పికప్ అది, సుమారు 16 కిలో ఓమ్‌ల హై అవుట్‌పుట్ హంబకర్, అంటే రెండు కాయిల్స్ ఉన్న పికప్. కార్డ్ మోగింది. పాత పికప్‌తో ఏ సౌండ్ విని విసిగిపోయానో మళ్లీ అదే సౌండ్, దుప్పటి ముసుగేసుకుని లోపలి నుంచి మాట్లాడుతున్నట్టు, కాకపోతే ఈసారి ఇంకాస్త గట్టిగా. ఆంప్‌లో ట్రెబుల్ పెంచితే గరగర పెరిగింది తప్ప ఆ దుప్పటి తొలగలేదు.

తప్పు పాత పికప్‌దీ కాదు, కొత్తదానిదీ కాదు అని తెలియడానికి రెండు వారాలు పట్టింది. పికప్ మార్చేటప్పుడు వెనక మూత విప్పాను, లోపల పనంతా చేశాను, అయినా ఏ వైరు ఎక్కడ అతికించాలి అన్న ధ్యాసలో పడి వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం) మీద ఏం రాసి ఉందో చదవనే లేదు. రెండోసారి విప్పి టార్చ్ వేసి చూస్తే బి250కె అని ఉంది, అంటే 250 కిలో ఓమ్‌లు. టోన్ పాట్ మీద కూడా అదే. అంటే, రెండు హంబకర్లున్న గిటార్‌కి ఫ్యాక్టరీలోనే సింగిల్ కాయిల్ గిటార్లకు వేసే పాట్‌లు బిగించి పంపేశారు.

అందుకే హంబకర్ మార్చాలని ఉబలాటపడే ప్రతి ఒక్కరికీ నేను ముందు చెప్పేది ఒకటే. కొనకముందు మూత విప్పండి. ఇప్పుడున్న పికప్‌ని దాని చుట్టూ ఉన్న పార్టులు సరిగ్గా వినపడనిస్తున్నాయో లేదో చూడండి. అవన్నీ సరిచేశాక కూడా ఏదో లోటు ఉందనిపిస్తే, అప్పుడు ఆ లోటేమిటో మీకు స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి సరైన పికప్ ఎంచుకోవడం సగం తేలికైపోతుంది.

పాట్ విలువకీ సౌండ్‌కీ ఏం సంబంధం అని నేనూ అనుకున్నాను, నాబ్ పూర్తిగా 10 మీద ఉంటే అది లేనట్టే కదా అని. కాదు. నాబ్ 10 మీద ఉన్నా పాట్‌లోని ఆ రెసిస్టెన్స్ మొత్తం సిగ్నల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య వేలాడుతూనే ఉంటుంది, పికప్ దాన్ని మోయాల్సిందే. వాల్యూమ్, టోన్ రెండూ 500కె అయితే పికప్ మీద పడే లోడ్ పై ఫ్రీక్వెన్సీల దగ్గర దాదాపు 250కె. రెండూ 250కె అయితే అది 125కె. కాయిల్‌కి ఉన్న ఇండక్టెన్స్, గిటార్ కేబుల్‌కి ఉన్న కెపాసిటెన్స్ కలిసి ఒక చోట శబ్దాన్ని ఎత్తి చూపిస్తాయి, దాన్నే రెసొనెంట్ పీక్ అంటారు. హంబకర్‌కి ఇది సాధారణంగా 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ దగ్గర్లో ఉంటుంది. పిక్ తీగను తాకే ఆ టక్ మనే అంచు, కార్డ్‌లో ఒక్కో స్వరం విడిగా వినపడటం, ఇవన్నీ ఆ ప్రాంతంలోనే ఉంటాయి. లోడ్ బరువైతే ఆ శిఖరం చదునైపోతుంది. సింగిల్ కాయిల్‌కి పై అంచు సహజంగానే ఎక్కువ, 250కె దాన్ని కొంచెం అణచి ఉంచుతుంది, చెవికి హాయిగా ఉంటుంది. హంబకర్ అసలే ఒత్తుగా ఉంటుంది, దాన్ని ఇంకా అణిచేస్తే మిగిలేది బురదే.

రెండు 500కె పాట్‌లు తెచ్చి వేశాను. ముందు కొత్త పికప్‌తో విన్నాను, తేడా తెలిసింది. తర్వాత పట్టుదల కొద్దీ దాన్ని పీకి, పక్కన పడేసిన పాత పికప్‌ని మళ్లీ పెట్టి విన్నాను. అది నేను ఎన్నాళ్లుగానో వెతుకుతున్న సౌండ్‌కి కొత్తదాని కంటే దగ్గరగా ఉంది. కాసేపు ఏమీ వాయించకుండా అలా కూర్చుండిపోయాను.

పాట్ మీద రాసిన అంకెను కూడా గుడ్డిగా నమ్మకండి. చాలా పాట్‌లకు 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే, అంటే 500కె అని రాసి ఉన్నది 400 నుంచి 600 దాకా ఎంతైనా ఉండొచ్చు. నేను తెచ్చిన రెండింట్లో ఒకటి 438, ఇంకోటి 521 చూపించాయి. ఎక్కువ ఉన్నదాన్ని వాల్యూమ్‌కి వాడాను. కొలిచేటప్పుడు పాట్ విడిగా ఉండాలి, రెండు చివరి కాళ్ల మధ్య రెసిస్టెన్స్ కొలిచే మీటర్ పెట్టాలి. గిటార్‌లో బిగించి ఉండగా కొలిస్తే పికప్ రెసిస్టెన్సే అడ్డొచ్చి 8కె, 9కె అని చూపించి మిమ్మల్ని కంగారు పెడుతుంది. ఇక ఆ బి అనే అక్షరానికి చాలా కంపెనీల లెక్కలో లీనియర్ అని అర్థం, ఎ అంటే లాగ్, దాన్నే ఆడియో టేపర్ అంటారు. మన చెవి వినే తీరుకి టోన్‌కైతే ఎ తప్పనిసరి అంటాను. బి వేస్తే నాబ్ తిప్పినంతసేపూ ఏమీ జరగదు, చివర్లో ఒక్కసారిగా సౌండ్ మూసుకుపోతుంది.

అసలు హంబకర్ ఏం చేస్తుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే వైరింగ్‌లో వచ్చే చిక్కుల్లో సగం ఇది తెలిస్తే వాటంతట అవే విడిపోతాయి. ఒకే కాయిల్ ఉన్న పికప్ తీగ కదలికతో పాటు చుట్టూ ఉన్న కరెంటు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే 50 లేదా 60 హెర్ట్జ్ మోతని కూడా పట్టేస్తుంది. హంబకర్‌లో రెండు కాయిల్స్ పక్కపక్కన ఉంటాయి. వాటిలో వైరు చుట్టిన దిశ ఒకదానికొకటి తిరగేసి ఉంటుంది, అయస్కాంతం ధ్రువం కూడా తిరగేసి ఉంటుంది. బయటి మోతకి అయస్కాంతంతో పని లేదు కాబట్టి అది రెండు కాయిల్స్‌లో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది. తీగ సిగ్నల్ మాత్రం రెండుసార్లు తిరగబడి మళ్లీ ఒకే వైపుకి వచ్చి కలుస్తుంది. ఎంత అందమైన ఆలోచనో చూడండి. గిబ్సన్ గిటార్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ దీనికి 1955లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు, 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో ఇవి వచ్చాయి, పేటెంట్ చేతికొచ్చింది 1959లో. ఆ మధ్యకాలంలో పికప్ అడుగున పేటెంట్ దరఖాస్తు పెట్టాం అని చిన్న స్టిక్కర్ అంటించేవారు, దాని ఇంగ్లిష్ పొడి అక్షరాలే పిఎఎఫ్. ఇప్పటికీ వింటేజ్ రకం అని అమ్మే దాదాపు ప్రతి హంబకర్ ఆ పిఎఎఫ్‌ని తలుచుకునే తయారవుతుంది.

ఒక కాయిల్‌కి సుమారు 5000 చుట్లు, వైరు 42 గేజ్, అంటే మన తల వెంట్రుక అంత సన్నం. అప్పట్లో చుట్టుడు ఇప్పుడంత కచ్చితంగా ఉండేది కాదు, అందుకే ఒక పిఎఎఫ్ 7 కిలో ఓమ్‌లు చూపిస్తే ఇంకోటి 9 చూపిస్తుంది, రెండు కాయిల్స్ కూడా సమానంగా ఉండవు. ఆ అసమానమే వాటి గొంతుకి ఒక విప్పారిన గుణం ఇచ్చిందని చాలామంది తయారీదారులు ఇప్పుడు కావాలనే ఒక కాయిల్‌ని కొంచెం తక్కువ చుడతారు.

ఇక ఓమ్‌ల లెక్క. నన్ను దారి తప్పించింది ఇదే, చాలామందిని తప్పించేదీ ఇదే. డబ్బా మీద 8కె, 13కె, 16కె అని అంకె ఉంటుంది, పెద్ద అంకె అంటే ఎక్కువ పవర్ అనుకుంటాం. ఆ అంకె చెప్పేది లోపలున్న రాగి వైరు ఎంత పొడవు, ఎంత సన్నం అన్నది మాత్రమే. అవే చుట్లు 42 గేజ్ బదులు ఇంకా సన్నని 43 గేజ్ వైరుతో చుడితే 8కె కాస్తా దాదాపు 10కె అవుతుంది, అవుట్‌పుట్ ఏమీ పెరగదు. అదే పికప్‌ని వేడిగా ఉన్న గదిలో కొలిస్తే కూడా అంకె మారుతుంది, రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి పది డిగ్రీల తేడాకి 8.0 కాస్తా 8.3 అయిపోతుంది. ఒకే కంపెనీ, ఒకే వైరు, ఒకే రకం అయస్కాంతం అయినప్పుడు ఆ అంకెలు పోల్చుకోవడంలో అర్థం ఉంది. అంతకు మించి వాటి మీద ఆధారపడొద్దు. తయారీదారు ఇండక్టెన్స్ ఇస్తే దాన్ని చూడండి, అది హెన్రీల్లో ఉంటుంది. ఎక్కువైతే మిడ్స్ (మధ్య స్థాయి శబ్దాలు) ముందుకొస్తాయి, పై అంచు తగ్గుతుంది. తక్కువైతే గొంతు తెరుచుకుంటుంది. ఎక్కువ చుట్లు అంటే సౌండ్ పెరగడంతో పాటు పైన కొంత పోవడం కూడా, రెండూ కలిసే వస్తాయి. నాకు కావాల్సింది స్పష్టత, నేను కొన్నది చుట్లు.

అయస్కాంతం గురించి ఎవరెన్ని చెప్పినా నా చెవికి తెలిసింది చెబుతాను. ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ ఇనుముతో కలిసిన మిశ్రమం. ఆల్నికో 2 మెత్తగా ఉంటుంది, పిక్ గట్టిగా కొట్టినా అది లొంగిపోయి తీపిగా పలుకుతుంది, నెక్ పికప్‌లో (గిటార్ మెడ వైపు ఉండేది) లీడ్ వాయించేవాళ్లకి ఇది ఊరికే నచ్చదు. ఆల్నికో 5 గట్టిది, బేస్ బిగువుగా ఉంటుంది, పైన మెరుపు ఉంటుంది. సిరామిక్ ఇంకా బలమైనది, ఎక్కువ చుట్లతో కలిపి వాడతారు, భారీ డిస్టార్షన్‌లో కూడా లావు తీగలు చెదరకుండా నిలబడతాయి. సిరామిక్ అంటే చవక అని చిన్నచూపు చూసేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. గిటార్ మార్చకుండా పికప్ మాత్రమే మార్చుకునే అలవాటు 1970ల్లో పెరిగినప్పుడు పేరు తెచ్చుకున్న డిమార్జియో సూపర్ డిస్టార్షన్‌లో ఉన్నది సిరామిక్ అయస్కాంతమే.

ఎంచుకునేటప్పుడు నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. మీరు రోజూ వాయించే రెండు మూడు ముక్కల్ని ఫోన్‌లోనైనా రికార్డ్ చేసి, మర్నాడు గిటార్ చేతిలో లేకుండా వినండి. ఏం తక్కువైందో ఒక్క వాక్యంలో రాయండి. "సౌండ్ బాగాలేదు" అని రాస్తే అది లెక్కలోకి రాదు. "గెయిన్ పెంచినప్పుడు ఆరో తీగ ముద్దగా అవుతోంది", "క్లీన్‌లో నెక్ పికప్ మబ్బుగా ఉంది", ఇలా రాయాలి. మొదటిదానికి తక్కువ చుట్లు లేదా గట్టి అయస్కాంతం ఉన్న బ్రిడ్జ్ పికప్ (తీగలు బాడీ మీద ఆనే చోటికి దగ్గర్లో ఉండేది) కావాలి. రెండోదానికి 7కె ప్రాంతంలో ఉండే పలుచటి నెక్ పికప్ కావాలి. ఆ రెండోది చాలాసార్లు పికప్ ఎత్తు తగ్గిస్తేనే తీరిపోతుంది, దాని సంగతి చివర్లో.

బ్రిడ్జ్ దగ్గర తీగ కదలిక చిన్నది, నెక్ దగ్గర పెద్దది, అందుకే బ్రిడ్జ్‌కి సాధారణంగా కాస్త ఎక్కువ చుట్టిన పికప్ ఇస్తారు. సెట్‌గా కొంటే ఈ తూకం వాళ్లే చూసుకుంటారు. విడివిడిగా కొనేవాళ్లు దీన్ని మర్చిపోయి రెండు చోట్లా ఒకేలాంటి హాట్ పికప్‌లు వేసుకుని, నెక్‌కి మార్చగానే ఆంప్ ఉబ్బిపోతోందని బాధపడతారు. పోల్ పీసుల (ఒక్కో తీగ కింద ఉండే లోహపు మొనలు) మధ్య దూరం కూడా కొలుచుకోండి, ఆ చివర నుంచి ఈ చివరకి ఒక రకం దాదాపు 50 మిల్లీమీటర్లు, ఇంకో రకం 53కి దగ్గర. రెండోదాన్ని ఎఫ్ స్పేసింగ్ అంటారు, ట్రెమొలో బ్రిడ్జ్ ఉన్న గిటార్లకి అది సరిపోతుంది. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే కొంప మునిగేదేమీ లేదు. మైనం పట్టించిన పికప్ అయితే ఎక్కువ గెయిన్‌లో కీచుమనదు, పట్టించనిదానిలో గాలి ఎక్కువ, మీ సంగీతం ఏదో దాన్ని బట్టి చూసుకోండి. యాక్టివ్ పికప్‌లది వేరే లోకం, వాటికి 9 వోల్ట్ బ్యాటరీ, 25కె పాట్‌లు కావాలి, ఈ పోస్ట్‌లో వాటి జోలికి వెళ్లను.

నేను చివరికి వేసుకున్నది బ్రిడ్జ్‌లో 8కె దాటిన ఆల్నికో 5. నెక్‌లో పాతదే ఉంచాను.

ఇప్పుడు వైరింగ్. పికప్ కేబుల్ చివర చీలిస్తే నాలుగు రంగుల వైర్లు, ఒక బేర్ వైరు కనిపిస్తాయి. నాలుగూ రెండు కాయిల్స్‌కి మొదలు, చివర. బేర్ వైరు షీల్డ్, అది ఏ పరిస్థితిలోనైనా గ్రౌండ్‌కే పోవాలి, ఈ ఒక్కదాన్ని మాత్రం ఎప్పుడూ కదపకండి. మిగతా రంగులు కంపెనీ కంపెనీకి మారతాయి. సీమోర్ డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ బయటికి వెళ్లే వైరు), తెలుపు, ఎరుపు రెండూ కలిపి అతికించి టేప్ చుట్టాలి, ఆకుపచ్చ గ్రౌండ్. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు, తెలుపు కలపాలి, ఆకుపచ్చ గ్రౌండ్. రెండు కంపెనీల్లోనూ నలుపు ఉంది, పని మాత్రం వేరు. అలవాటు మీద చేయి పోనిచ్చి నలుపుని హాట్‌కి పెట్టేస్తే ఒక కాయిల్ మాత్రమే మోగడమో, రెండు కాయిల్స్ ఎదురెదురై సౌండ్ సన్నగా అయిపోవడమో జరుగుతుంది. రంగు తెలియని పికప్ చేతికొస్తే మీటర్ తీసుకుని ఏ రెండు వైర్ల మధ్య రెసిస్టెన్స్ చూపిస్తోందో చూడండి, ఆ జంట ఒక కాయిల్, మిగిలిన జంట రెండోది.

సోల్డరింగ్‌లో అందరికీ చుక్కలు చూపించేది పాట్ వెనక రేకు. గ్రౌండ్ వైర్లన్నీ అక్కడే అతకాలి, ఆ రేకేమో వేడినంతా పీల్చేసుకుంటుంది. చిన్న సన్న మొన ఐరన్‌తో నిమిషం సేపు అదిమిపెట్టి కూర్చుంటే రేకు మీద సోల్డర్ పూసలాగా నిలబడుతుంది కానీ అతకదు, ఈలోపు లోపలున్న కార్బన్ పట్టీ మాడిపోతుంది. నేను చేసేది ఇది: ముందు గరుకు కాగితంతో రేకు మీద ఒక గోరంత చోట రుద్ది మెరుపు తెప్పిస్తాను. వెడల్పు మొన ఉన్న 40 వాట్ల ఐరన్‌ని బాగా కాగనిచ్చి, మొన మీద కాస్త సోల్డర్ తడి చేసి, దాన్ని రేకు మీద బల్లపరుపుగా ఆనిస్తాను. మూడు నాలుగు సెకన్లలో సోల్డర్ తగిలిస్తే అది పూసలా ఉండకుండా నీళ్లలాగా పరుచుకుంటుంది, అంచులు రేకులోకి కలిసిపోయినట్టు కనిపిస్తాయి. అక్కడ ఆపేయాలి. ముందే సోల్డర్ పట్టించి పెట్టుకున్న వైరుని ఆ మచ్చ మీద పెట్టి మళ్లీ రెండు సెకన్లు వేడి తగిలించి, ఐరన్ తీశాక వైరుని ఊపిరి బిగబట్టి కదలకుండా పట్టుకోవాలి. చల్లారేలోపు కదిలితే అతుకు బూడిదరంగులో గరుకుగా అవుతుంది, అది ఇవాళ పనిచేసినా వచ్చే నెల స్టేజ్ మీద గరగరమంటుంది. సోల్డర్ మాత్రం ఎలక్ట్రానిక్స్‌కి వాడే రోజిన్ కోర్‌దే తీసుకోండి, పైపుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ జోలికి వెళ్లొద్దు. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ పొగ మంచిది కాదు.

టోన్ కెపాసిటర్ గురించి జనం యుద్ధాలు చేస్తుంటారు. హంబకర్లకి 0.022 మైక్రోఫారడ్ మామూలు, దాని మీద 223 అని ఉంటుంది. సింగిల్ కాయిల్‌కి వాడే 473 అంటే 0.047. టోన్ నాబ్ 10 మీద ఉన్నంతసేపు ఈ రెండింటికీ మీకు తేడా తెలియదు, తగ్గించినప్పుడే తెలుస్తుంది. ఏ పదార్థంతో చేశారు, ఎన్నేళ్ల పాతది అన్నవాటి మీద డబ్బు పోయొద్దని నా గట్టి సలహా, దాని విలువే ముఖ్యం. కానీ అదే కెపాసిటర్‌ని ఎక్కడ కలుపుతారన్నది మాత్రం నిజంగా వినపడుతుంది. ఇప్పటి గిటార్లలో టోన్ సర్క్యూట్ వాల్యూమ్ పాట్‌కి పికప్ వైరు వచ్చే కాలికి ఉంటుంది. దాన్ని తీసి మధ్య కాలికి, అంటే జాక్ వైపు సిగ్నల్ వెళ్లే కాలికి మార్చితే 1950ల నాటి వైరింగ్ అవుతుంది. ఒక్క వైరు మార్పు, పైసా ఖర్చు లేదు. వాల్యూమ్ 7కి తగ్గించినప్పుడు ట్రెబుల్ చచ్చిపోకుండా నిలబడుతుంది. నేను డ్రైవ్ పెంచి ఉంచి వాల్యూమ్ నాబ్‌తోనే క్లీన్‌కి దిగుతాను కాబట్టి నాకిది ప్రాణం. కాకపోతే వాల్యూమ్, టోన్ ఒకదానినొకటి కాస్త లాగుతాయి, రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

అన్నీ అతికించాక పికప్ ఎంచుకునే స్విచ్ మధ్యలో పెట్టి వాయిస్తే, రెండు పికప్‌లూ కలిసి నిండుగా రావాల్సింది పోయి, ముక్కుతో మాట్లాడినట్టు పీలగా వచ్చింది. విడివిడిగా రెండూ బాగున్నాయి. ఇది ఫేజ్ తిరగబడటం. రెండు పికప్‌ల సిగ్నల్స్ ఎదురెదురై బేస్‌ని కొట్టేసుకుంటున్నాయన్నమాట. కొందరికి ఈ సౌండే కావాలి, గిటారిస్ట్ పీటర్ గ్రీన్ 1959 లెస్ పాల్‌లో మధ్య పొజిషన్‌లో వినపడే ఆ ఏడుపు గొంతు ఇదే. నాకు అక్కర్లేదు. పాత నెక్ పికప్‌కి అల్లిక షీల్డ్ లోపల ఒకటే వైరు, అంటే దాన్ని తిరగేస్తే బయటి అల్లికంతా హాట్ అయి రేడియోలాగా మోత పట్టేస్తుంది. కాబట్టి నాలుగు వైర్లున్న కొత్తదానిలోనే హాట్, గ్రౌండ్ రెండూ అటూ ఇటూ మార్చాను, బేర్ వైరు మాత్రం గ్రౌండ్‌లోనే ఉంచి. నిమిషంలో సరిపోయింది.

ఇది అతికించకముందే తెలుసుకునే ఉపాయం ఉంది, నాకు తర్వాత తెలిసింది. మీటర్‌ని 20కె రేంజ్‌లో పెట్టి పికప్ హాట్, గ్రౌండ్ వైర్లకి తగిలించి, ఇనుప స్క్రూడ్రైవర్‌ని పోల్ పీసుల మీద ఆనించి చటుక్కున లాగేయండి. అంకె ఒక్క క్షణం పైకో కిందికో ఎగురుతుంది. రెండో పికప్‌కి కూడా అలాగే, మీటర్ వైర్లు అదే వరసలో పెట్టి చేయండి. రెండూ ఒకే వైపు ఎగిరితే ఫేజ్ కలిసినట్టు.

నాలుగు వైర్లు ఉన్నాయంటే చేతిలో ఇంకా రెండు గొంతులు ఉన్నట్టే. కలిపి టేప్ చుట్టిన ఆ రెండు వైర్ల జంటని పుష్ పుల్ పాట్‌లో మధ్య కాలికి ఇచ్చి, పక్క కాలిని గ్రౌండ్ చేస్తే, నాబ్ పైకి లాగినప్పుడు ఒక కాయిల్ మూగబోతుంది, ఇంకోటే మోగుతుంది. ఇదే కాయిల్ స్ప్లిట్. ఏ కాలు లాగినప్పుడు కలుస్తుందో మీటర్ బీప్‌తో చూసుకోండి, ఊహించొద్దు. స్ప్లిట్‌లో మోత తిరిగొస్తుంది, సౌండ్ తగ్గుతుంది. 8కె పికప్‌ని స్ప్లిట్ చేస్తే మిగిలేది 4కె కాయిల్, బక్కగా ఉంటుంది. మొదట్లో తప్పుగా కొన్నానన్న ఆ 16కె పికప్ ఇక్కడే నా మనసు గెలుచుకుంది. ఇంకో గిటార్‌లో వేసి స్ప్లిట్ చేస్తే సగం కూడా దాదాపు 8కె, నిజమైన సింగిల్ కాయిల్‌లా నిండుగా పలికింది. ఇక నాకు స్ప్లిట్ కంటే ఇష్టమైనది పారలల్. రెండు కాయిల్స్‌నీ ఒకదాని వెనక ఒకటి కాకుండా పక్కపక్కన కలిపితే 8కె పికప్ మీటర్‌లో 2కె చూపిస్తుంది, గొంతు అద్దంలా తేటగా అవుతుంది, మోత మాత్రం రాదు. నెక్‌లో క్లీన్ వాయించేవాళ్లు ఒక్కసారి విని చూడండి. దీనికి పుష్ పుల్ పాట్‌లోని ఆరు కాళ్ల స్విచ్ మొత్తం వాడాలి, ఓపిగ్గా కాగితం మీద గీసుకుని చేయండి.

హంబకర్ వేశాక కూడా జర్ర్ మని శబ్దం వస్తోందంటే అది వేరే జబ్బు. హంబకర్ ఆపేది అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చే మోతని మాత్రమే. లైట్ డిమ్మర్ల నుంచి వచ్చే జర్ర్ షీల్డింగ్‌తో పోవాలి. తీగ మీద చేయి వేయగానే తగ్గితే బ్రిడ్జ్‌కి వెళ్లే గ్రౌండ్ వైరు పనిచేస్తోందని అర్థం, గిటార్ లోపల రాగి ఫాయిల్ వేసి గ్రౌండ్ చేస్తే ఇంకా తగ్గుతుంది. చేయి వేసినా ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జ్ కింద ఆ వైరు ఊడి ఉందేమో చూడండి. చేయి వేస్తే పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి.

తీగలు ఎక్కించకముందు, మూత బిగించకముందు కేబుల్ పెట్టి ఆంప్ చిన్నగా ఆన్ చేసి, స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పికప్‌ని మెల్లగా తట్టండి. స్విచ్ ఏ వైపు ఉంటే ఆ పికపే టక్ మనాలి. స్ప్లిట్ పెట్టుకుంటే నాబ్ లాగి ఒక్కో వరస పోల్ పీసుల్ని తట్టండి, ఒక వరస గట్టిగా, ఇంకోటి దాదాపు మూగగా ఉండాలి. ఈ రెండు నిమిషాల పని చేయక నేను ఒకే సాయంత్రం మూడుసార్లు తీగలు విప్పాను.

ఇక ఎత్తు. చివరి ఫ్రెట్ దగ్గర తీగని నొక్కి పట్టుకుని, తీగ కింది అంచుకీ పోల్ పీసుకీ మధ్య దూరం చూడండి. బ్రిడ్జ్‌కి సుమారు 1.6, నెక్‌కి సుమారు 2.4 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, అక్కడి నుంచి చెవితో వెళ్లండి. నేను నెక్ పికప్‌ని దాదాపు ఫ్రేమ్ మట్టానికి దించేశాను, దించిన కొద్దీ మబ్బు విడిపోయింది. పోయిన వాల్యూమ్‌ని ఆంప్‌లో పెంచుకున్నాను. ఆ తర్వాత పోల్ పీసు స్క్రూలని ఒక్కో తీగకి కొద్దికొద్దిగా ఎత్తాను, రెండో తీగ ఒక్కటే మిగతావాటి కంటే ముందుకి దూకుతోంది, దాన్ని పావు తిప్పు కిందికి దించాను. ఇప్పుడు ఆరు తీగలూ ఒకే చోట నిలబడి పలుకుతున్నాయి.